పాడావు చెప్పిన పాడి

అనగా అనగా, పశువులకు మాటలూ మనుషులకు వాటిని వినే చెవులూ ఉన్న కాలంలో, మొగిలేరు అనే ఏటి ఒడ్డున ఒక రాజ్యం ఉండేది. దాన్ని మొగిలేటి సీమ అనేవారు. ఆ సీమను ఏలే రాజు పేరు రేచరాజు.

రేచరాజు వయసులో చిన్నవాడు. పుట్టిన నాడే తల్లి పోతే, ఆవుపాలతో పెరిగినవాడు. ఒక పని తోస్తే ఇంకొకరు చేసిపెట్టేదాకా ఆగే రకం కాదు. కోట గోడ బీటలిస్తే తానే తాపీ పట్టేవాడు. ధాన్యపు కొట్లో లెక్క తేడా వస్తే, గుమాస్తా వేళ్ళు మడిచేలోగా తాను నోటితో తేల్చేసేవాడు.

పట్టం కట్టుకున్న నాడు ప్రజలంతా సంబరపడి అతనికి ఒక బిరుదు ఇచ్చారు. ఆ బిరుదు 'పాడి తప్పని రేడు'. పాడి అంటే న్యాయం. "ఇది నీకు పాడి కాదురా" అని ఇప్పటికీ పెద్దవాళ్ళు మందలిస్తారే, ఆ పాడి.

ఆ మాట రేచరాజుకు ఎంతగానో నచ్చింది. వెంటనే కత్తి మీద చెయ్యి వేసి, అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు.

"నా సీమలో పాడి లేని ఊరు ఒక్కటి ఉందని తెలిసినా సరే, ఆ క్షణం నుంచి ఈ కిరీటం నా తల మీద ఉండదు. మళ్ళీ ఆ ఊళ్ళో పాడి నిలిచాకే పెట్టుకుంటాను."

ఒట్టు పెట్టుకోవడం తేలిక. అది ఎప్పుడు వచ్చి తలుపు తడుతుందో ఎవరికి తెలుసు?

ఒకనాడు రాజు కొలువు తీరి ఉండగా, లేగలపల్లె నుంచి బయ్యవ్వ అనే ముసలామె వచ్చింది. ఆమె నడుము వంగింది గానీ గొంతు వంగలేదు.

"ఏం కావాలి అవ్వా?" అని అడిగాడు రాజు.

"ఏమీ వద్దు దొరా. ఒక మాట చెప్పిపోదామని వచ్చాను. మా ఊళ్ళో పాడి పోయింది."

వింజామరలు వీచే చేతులు గాలిలోనే ఆగిపోయాయి. రాజు చెయ్యి తనకు తెలియకుండానే కిరీటం మీదికి పోయింది.

"ఏమన్నావు? నా సీమలో పాడి పోయిందా? ఎప్పుడు?"

"ఒక్కనాడు పోలేదు దొరా. పోయిన ఎండాకాలం నుంచి కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు బొత్తిగా లేదు."

"ఏ ఇంట్లో?"

"ఏ ఇంట్లోనూ లేదు. పెద్దకాపు ఇంట్లో కాస్త ఉంది. అందులో ఆయన నీళ్ళు కలుపుతున్నాడు."

రాజు ముఖం కందగడ్డ అయింది. "పాడిలో నీళ్ళు కలుపుతాడా! ఎవడా పెద్దకాపు? వాణ్ణి కట్టి తీసుకురండి!"

"అయ్యో, ఆయననెందుకు దొరా? ఉన్న కాస్తా పది ఇళ్ళకూ పొయ్యాలని కలుపుతున్నాడు పాపం. మేమూ ఊరికే కూర్చోలేదు. తవుడు పెట్టి చూశాం. పత్తిగింజలు నానబెట్టి పెట్టాం. కుడితిలో..."

"తవుడా?" అన్నాడు రాజు.

ముందుగా నవ్వింది గుర్రాల అధికారి సింగన. అతను ఎప్పుడూ రాజు కుడిపక్కనే నిలబడతాడు, ఎప్పుడూ అందరికంటే ముందు నవ్వుతాడు.

"ప్రభూ, ఈవిడ చెప్పేది ఆవుపాల సంగతి! పాడి అంటే పాలు! తమరు న్యాయం అనుకున్నారు!"

ఇక కొలువు కొలువంతా గొల్లుమంది. రాజు కూడా నవ్వాడు. గుండెల మీది బండ దిగినట్టయి, అందరికంటే గట్టిగా నవ్వాడు.

"ఓసి అవ్వా! ఎంత హడలగొట్టావే! పాలే కదా! ఎవరక్కడ, అవ్వకు మంచి ఆవును ఒకదాన్ని ఇప్పించండి."

బయ్యవ్వ ఒక్కతే నవ్వలేదు.

"ఆవులు మాకున్నాయి దొరా. పాడే లేదు. చెప్పవలసింది చెప్పాను. ఇక నా బరువు దిగిపోయింది." అని దణ్ణం పెట్టి, చేతికర్ర తాటించుకుంటూ వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం రాజు భోజనానికి కూర్చున్నాడు. చివర్లో గడ్డపెరుగు వడ్డించారు. ముద్ద కలిపాడు గానీ నోటికి పోలేదు. కర్ర తాటించుకుంటూ పోయిన ఆ ముసలమ్మ వీపు కళ్ళముందు నిలిచింది. ఏదో లెక్క తప్పింది. ఎక్కడ తప్పిందో తెలియడం లేదు.

చెయ్యి కడుక్కుని ఆస్థాన పండితుడు వామనభట్టును పిలిపించాడు.

"స్వామీ, పాలూ పాడే, న్యాయమూ పాడే. రెంటికీ ఒకే మాట ఎలా వచ్చింది?"

వామనభట్టు గడ్డం నిమురుకున్నాడు.

"రాజా, గోవు అనే మాటను అడిగితే ఇప్పటికిప్పుడు చెబుతాను. గో అంటే ఆవు. గో అంటే భూమి. గో అంటే వెలుగు కిరణం. గో అంటే వాక్కు కూడా. మనల్ని మోసేదీ, మనకు దారి చూపేదీ, మన నోట పలికేదీ, అన్నింటినీ పెద్దలు ఆవు పేరుతోనే పిలిచారు. కానీ పాడి అచ్చమైన ఊరిమాట. అది గ్రంథంలో పుట్టలేదు, గొడ్లచావడిలో పుట్టింది. పాలు అని తెలుసు. న్యాయం అని తెలుసు. ఆ రెండూ ఒక మాటలోకి ఎలా వచ్చి చేరాయో నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం నాకు పాడి కాదు."

"మరి ఎవరికి తెలుస్తుంది?"

"గొడ్లచావడిలోనే అడగాలి."

వింటూ నిలబడ్డ సింగన గాభరాపడ్డాడు. "ప్రభూ! ఒక మాట కోసం తమరు పేడలో నడవడమేమిటి? రేపు నేను వెళ్ళి కనుక్కొస్తాను."

"రేపా?" అని నవ్వాడు రాజు. అప్పటికే ఒక కాలు గుర్రపు రికాబులో ఉంది.

రాజు ఎక్కే గుర్రం పేరు సుడిగాలి. దానికి కబుర్లంటే మహా సరదా. కోట దాటగానే మొదలుపెట్టింది.

"దొరా, అన్ని పేర్లకూ అర్థం ఉంటుందా?"

"ఉంటుందనే అనుకుంటున్నాను."

"అయితే నన్ను గుర్రం అని ఎందుకన్నారు?"

"నిద్రలో గుర్రు పెడతావు కనక."

"ఆ లెక్కన తమరూ గుర్రమే" అంది సుడిగాలి. రాజు పగలబడి నవ్వాడు. అలా నవ్వుకుంటూనే ఇద్దరూ లేగలపల్లె పొలిమేర చేరారు.

పొలిమేరలో మొదట ఒక ఆవు ఎదురైంది. అది ఎవరి ఇంటి చూరునో పీకి ఎండు తాటాకు నములుతోంది. డొక్కలు లోపలికి పోయాయి.

"అమ్మా, నీ పేరేమిటి?" అని అడిగాడు రాజు.

"ఏ పేరు చెప్పమంటావు నాయనా? నిరుడు నన్ను పాడావు అనేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి ఒట్టిపోయిన ఆవు అంటున్నారు. నేను మారలేదు. నా ముందున్న మేత మారింది."

రాజు ఇంకొంచెం ముందుకు పోయాడు. ఒక రాటకు కట్టేసిన పడుచు పెయ్య కనిపించింది. తల వంచుకుని నిలబడి ఉంది.

"నీ పేరేమిటి తల్లీ?"

పెయ్య తల ఎత్తలేదు. "గొడ్డు అంటున్నారు" అంది మెల్లగా. "చూడి కట్టే వయసు వచ్చింది. ఒంట్లో సత్తువ లేదు. కడుపు నిండితేనే కదా కడుపు పండేది? మేత లేని ఊళ్ళో ఆడదూడలన్నీ గొడ్లే."

రాజు దిగి నడవడం మొదలుపెట్టాడు. ఎందుకో గుర్రం మీద కూర్చుని ఆ వీధిలో పోవడం అతనికి సిగ్గనిపించింది.

మూడో ఆవు బయ్యవ్వది. ఒంటి రంగు పుల్ల, అంటే తేనెలాంటి లేత ఎరుపు, కాబట్టి దాన్ని పుల్లావు అని పిలుస్తారు. రాజు వెళ్ళేసరికి బయ్యవ్వ పొదుగు దగ్గర కూర్చుని ఉంది. ముందు దూడను విడిచింది. దూడ వెళ్ళి నాలుగు గుక్కలు కుడిచింది. అప్పుడు ఆవు చేపింది, అంటే పొదుగులోకి పాలు దించింది. బయ్యవ్వ గిన్నె పట్టి రెండు చుక్కలు పిండిందో లేదో, గిన్నె పక్కన పెట్టి మళ్ళీ దూడను విడిచేసింది.

"అదేమిటి అవ్వా? ఉన్న కాస్తా దూడకే వదిలేశావు?"

బయ్యవ్వ తిరిగి చూసి గబగబా లేవబోయింది. రాజు ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"దాని వంతు అది తాగాలి కదా దొరా" అంది బయ్యవ్వ.

పుల్లావు మెడ తిప్పింది. "బయ్యమ్మా, ఎవరీయన?"

"రాజుగారే!"

"ఓహో, మామా! ఇన్నాళ్ళకు తీరిందా? రా, రా! కాళ్ళకు నీళ్ళివ్వు బయ్యమ్మా, మా మేనమామ వచ్చాడు!"

రాజు అటూ ఇటూ చూశాడు. వెనకాల ఎవరూ లేరు. సుడిగాలి ముక్కులోనే నవ్వుకుంది.

"నేనా? నేను నీకు మేనమామనెలా అయ్యాను?"

"నీకెవరూ చెప్పలేదా మామా? నువ్వు పుట్టి, మీ అమ్మ పోయి, కోటలో పాలకోసం ఏడుస్తుంటే, ఈ ఊరి నుంచే ఒక ఆవును తోలుకుపోయారు. అది మా అమ్మమ్మ. అప్పుడు దాని పొదుగు కింద మా అమ్మ పసిలేగ. ఆ పొదుగుపాలే మా అమ్మా తాగింది, నువ్వూ తాగావు. ఒక్కతల్లి పాలు తాగినవాళ్ళు అక్కాతమ్ముళ్ళు కారా? మా అమ్మకు తమ్ముడివైతే నాకు మేనమామవే. ఇదిగో, ఈ లేగ నీకు మనవరాలు. దణ్ణం పెట్టవే తాతకు!"

దూడ మూతి తుడుచుకోకుండానే వచ్చి రాజు వేళ్ళు నోట పెట్టుకుని చీకింది.

ఇంకా మీసం నిండుగా రాని రేచరాజుకు తాత అనే పిలుపు విని నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. తల్లి ముఖం తెలియనివాడికి ఒక గొడ్లచావడిలో అక్క బిడ్డ దొరికింది.

"మీ అమ్మమ్మ నాకోసం పాలిస్తే, మరి మీ అమ్మ పస్తు ఉందా?"

"పస్తెందుకుంటుంది? ముందు దాని వంతు అది తాగాకే నీకు పిండేవాళ్ళు. పంచుకుంటే ఇద్దరికీ సరిపోయింది. మా బయ్యమ్మే కోటకు వచ్చి పిండేది. నీ నోట్లో మొదటి చుక్క పోసిన చెయ్యి ఇదే."

రాజు బయ్యవ్వ వైపు చూశాడు. "పొద్దున కొలువులో ఈ మాట చెప్పలేదేం అవ్వా?"

"చెప్పుకుని ఏదో అడగడానికి వచ్చినట్టుంటుంది కదా దొరా" అంది బయ్యవ్వ, గిన్నెలోకి చూస్తూ.

రాజు వంగి ఆమె చేతులు రెండూ కళ్ళకు అద్దుకున్నాడు. "నన్ను బతికించిన చేతుల్ని చూసి నవ్వాను అవ్వా. ఆ నవ్వులో అందరికంటే నాదే పెద్ద గొంతు."

తరువాత నేల మీదే చతికిలబడి, వచ్చిన పని అడిగాడు.

"కోడలా, మీ పాలనూ మా న్యాయాన్నీ ఒకే మాటతో ఎందుకు పిలుస్తారు?"

"ఎందుకు పిలవరు మామా? రెండూ ఒకచోటే పుట్టాయి. ఇది మా అమ్మ నాకు చెప్పింది, మా అమ్మకు అమ్మమ్మ చెప్పింది. పూర్వం మనుషులకు పంచుకోవడం వచ్చేది కాదట. చేతికి దొరికింది ఎవరిది వాళ్ళు మింగేవాళ్ళట. ఆవును తెచ్చి కట్టేసి, దూడను దూరంగా నెట్టి, పొదుగు పట్టుకుంటే చుక్క రాలేదట. పొదుగు నిండా పాలున్నాయి. ఎంత లాగినా రావు. చివరికి ఒక ఇల్లాలు జాలిపడి దూడను విడిచింది. దూడ నోరు పెట్టగానే పాలు దిగాయి. అప్పుడు తెలిసిందట మనుషులకు, బలహీనమైనదాని వంతు ముందు తీస్తేనే మిగతావాళ్ళకు వంతు ఉంటుందని. ఆ పంపకానికి పెట్టిన పేరే పాడి. తరువాత నీళ్ళు పంచుకున్నా, నేల పంచుకున్నా, తగవు తీర్చుకున్నా, 'పొదుగు దగ్గర చేసినట్టు చెయ్యండి, పాడిగా చెయ్యండి' అన్నారట. నిజమో కాదో మీ పండితుణ్ణి అడుగు. నేను ఆవును."

రాజు బుర్ర ఊరుకుంటుందా? వెంటనే లెక్కకు దిగింది.

"అయితే పాలన్నీ సగం సగం చెయ్యాలి కదా? నాలుగు చన్నుల్లో మీరు దూడకు వదిలేది ఒక్కటేనట. మూడు ఇంటికీ, ఒకటి దూడకూనా? ఇందులో పాడి ఎక్కడుంది?"

"మామ లెక్కలో గట్టివాడే!" అంది పుల్లావు మెచ్చుకోలుగా. "కానీ లెక్క ఒక్కటీ చాలదు మామా. కొంచెం పెరిగాక దూడ గడ్డి కొరుకుతుంది. బయ్యమ్మ మనవడు గడ్డి కొరకగలడా? గడ్డి ఉన్నన్నాళ్ళూ దూడకు ఒక చన్ను చాలు. గడ్డి లేదు కాబట్టే ఇవాళ నాలుగూ దానికి వదిలింది. ఎవరికి ఏది లేదో చూసి పంచేదే పాడి."

రాజు అప్పుడు అసలు ప్రశ్న అడిగాడు.

"గడ్డి ఏమైంది?"

పుల్లావు నేల చూపులు చూసింది. "ఇంటికి వచ్చిన మేనమామను అడగరాని మాట అది."

"అడుగు."

"మా బీడు ఏది మామా?"

అని ఏటివైపు మూతి చూపింది.

రాజు లేచి చూశాడు. ఏటిగట్టు పొడుగునా ఎత్తైన వెదురు కంచె. కంచె మీద తన ముద్ర ఉన్న పలక. కంచెకు ఆవల మోకాలెత్తు పచ్చగడ్డి. ఆ గడ్డిలో కోట గుర్రాలు కడుపులు నిండి పడి దొర్లుతున్నాయి. మేసినదానికంటే తొక్కినదే ఎక్కువ.

రేచరాజుకు పోయిన ఎండాకాలం గుర్తొచ్చింది. గుర్రపుదండును రెట్టింపు చెయ్యాలని ముచ్చటపడ్డది తానే. గుర్రాలెన్ని, ఒక్కోదానికి రోజుకు గడ్డిమోపులెన్ని, నెలకు ఎన్ని, లెక్కంతా తానే కట్టాడు. ఒక్క పోచ తేడా రాలేదు. "ఏటిగట్టున మంచి బీడు ఉంది ప్రభూ" అని సింగన అంటే, "భేష్!" అని అతని చేతికి కంకణం తొడిగింది కూడా తానే. ఆ బీడు ఎవరిది అనే మాట మాత్రం ఆ లెక్కలో ఎక్కడా లేదు.

సుడిగాలి చెవులు వాల్చుకుంది. "దొరా, నేనూ ఇక్కడ మేశాను. గడ్డి భలే తియ్యగా ఉంటుంది. ఎవరిదో అడగలేదు. కంచె మీద మీ పేరు ఉంది కదా అనుకున్నాను."

"చేను కాయవలసిన కంచే చేను మేసింది సుడిగాలీ. తప్పు నీది కాదు."

రాజు కిరీటం తీశాడు.

సరిగ్గా అప్పుడే సింగన రొప్పుకుంటూ గుర్రం దిగాడు. వెనకాలే ఎద్దుబండి మీద వామనభట్టు వచ్చాడు. రాజు చేతిలో కిరీటం చూసి సింగన పరుగున వచ్చాడు.

"ప్రభూ, ఆగండి! తొందరపడకండి! ఈ పల్లె వాళ్ళు పాలు తాగకపోతే అంబలి తాగుతారు. గుర్రాలు లేకపోతే రాజ్యమే ఉండదు!"

"రాజ్యం కోసం గుర్రాలు ఉండాలా, గుర్రాల కోసం రాజ్యం అంబలి తాగాలా?"

"పోనీ, ఈ ఊరికి ఏడాదికి ఇన్ని కుండల పాలు అని కోట నుంచి పంపిద్దాం."

"ఎవరి దూడ నోరు కట్టి?"

సింగన పెదవులు తడుపుకున్నాడు. గొంతు తగ్గించి, మూడోసారి తెలివిగా అన్నాడు. "ప్రభూ, తమరి ఒట్టు ఏమిటి? పాడి లేని ఊరు ఉంటే కిరీటం తీస్తానని. అక్కడ పాడి అంటే న్యాయం. ఇక్కడ పోయింది పాలు. మాట ఒకటే గానీ అర్థం వేరు. కావాలంటే పండితులవారినే అడగండి. ఒట్టు తప్పినట్టు కాదు. కిరీటం నిక్షేపంగా పెట్టుకోవచ్చు."

అందరూ వామనభట్టు వైపు చూశారు. ఆయన బండి మీద నుంచే, "అర్థాలు రెండు ఉన్నమాట నిజమే. ఏ అర్థంతో ఒట్టు పెట్టుకున్నాడో, పెట్టుకున్నవాడికే తెలియాలి" అన్నాడు.

రేచరాజు కిరీటం వైపు చూశాడు. తీసి పక్కన పెడితే, దండెత్తడానికి చూసే పొరుగురాజులు నవ్వుతారు. తలమీద పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఒక్క మాట చాలు, తప్పించుకోవచ్చు. దూడ ఇంకా అతని వేళ్ళు చీకుతూనే ఉంది. ఆ వేళ్ళలో పాలు రావని దానికి తెలియదు.

"సింగనా, ఆ పాడి వేరు, ఈ పాడి వేరు అనుకున్నాను కాబట్టే పొద్దున నవ్వాను. అలా అనుకున్నాను కాబట్టే ఈ కంచె లేచింది. ఈ ఊళ్ళో పాలు పోలేదు, న్యాయమే పోయింది. పోగొట్టినవాణ్ణి నేను."

కిరీటాన్ని ఉత్తరీయంలో చుట్టి వామనభట్టు చేతికిచ్చాడు. పంచె ఎగగట్టి కంచె దగ్గరికి నడిచాడు. మొదటి వెదురు తానే పీకాడు. రెండోది పెద్దకాపు పట్టాడు. తరువాత ఊరంతా వచ్చి పడింది.

గుర్రాలను దూరపు కొండల కిందికి తోలారు. అక్కడ మేత చాలనివాటిని, పొలం పనికీ బండి పనికీ కావాలన్న రైతులకు పంచేశారు. కంకణం తొడిగిన సింగన చేతికి రాజు ఒక కొడవలి ఇచ్చాడు. "కొండ కింద గడ్డి కోసి గుర్రాలకు వేసేది ఇకనుంచి నువ్వే. మోపు బరువు తెలిస్తే, గడ్డి విలువ తెలుస్తుంది."

అయితే కంచె పీకినంత తొందరగా గడ్డి రాదు. తొక్కిన నేల కోలుకోవాలి. వాన పడాలి. అంతదాకా రేచరాజు ఒట్టి తలతోనే కొలువు తీరాడు. పొరుగు రాజ్యపు రాయబారి వచ్చి, "ఏమయ్యా, మీ రాజుగారి కిరీటమేది?" అని ఎకసక్కెంగా అడిగాడు.

"ఇంకా మొలుస్తోంది" అన్నాడు వామనభట్టు.

వానలు కురిశాయి. బీడు పచ్చబడింది. ఒట్టిపోయిన ఆవు ఈని మళ్ళీ పాడావు అయింది. పుల్లావు పొదుగు బరువుకు నెమ్మదిగా నడవడం మొదలుపెట్టింది. ఇక గొడ్డు అనిపించుకున్న ఆ పడుచు పెయ్య? అది చూడి కట్టి, నెలలు నిండి, ఒక తెల్లవారుజామున చుక్కబొట్టు లేగను ఈనింది. ఆనాటి నుంచి దాన్ని అందరూ తొలిచూలు ఆవు అని గారంగా పిలిచారు.

ఈనిన ఆవు మొదటి పాలు జున్నుపాలు. వాటిని అమ్మకూడదు, పంచాలి. అది ఆ ఊరి కట్టుబాటు. బయ్యవ్వ బెల్లం, మిరియాలు వేసి పెద్ద తపేలాలో జున్ను వండింది. రాజుకూ కబురు పెట్టారు. రేచరాజు సుడిగాలిని పొలిమేరలోనే ఆపి, నడిచే వచ్చాడు.

లేగ తాగగా మిగిలిన పాలతోనే ఆ జున్ను వండారు. మొదట పసిపిల్లలకు పెట్టారు. తరువాత బాలింతలకూ ముసలివాళ్ళకూ పెట్టారు. ఆ పైన ఎండలో పనిచేసి వచ్చినవాళ్ళ వంతు.

"అయ్యో, రాజుగారు నిలబడే ఉన్నారు! ముందు ఆయనకు పెట్టండి!" అని పెద్దకాపు కంగారుపడ్డాడు.

"వరస తప్పించకు. ఆయన వంతు వస్తుంది" అంది బయ్యవ్వ, గరిటె ఆపకుండా.

రాజుకు ముందు సింగన నిలబడి ఉన్నాడు. గడ్డిమోపు మోసి మోసి అతని మెడ నల్లబడింది. తన దొప్ప అందుకుని, తినకుండా వెనక్కి తిరిగి రాజుకు ఇవ్వబోయాడు.

"తిను. నీ వంతు అది" అన్నాడు రాజు.

అందరికీ అయ్యాక తపేలా అడుగున కాస్త మిగిలింది. బయ్యవ్వ గీకి, మోదుగాకు దొప్పలో వేసి రాజు చేతికిచ్చింది. రెండు ముద్దలు కూడా లేదు. అడుగున కొంచెం మాడింది కూడా. రేచరాజు కళ్ళు మూసుకుని తిన్నాడు. తరువాత తొలిచూలు ఆవు దగ్గరికి వెళ్ళి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టాడు.

"తల్లీ, మీ జాతి పాలతో బతికాను. మీ జాతి మాటతో కళ్ళు తెరిచాను. రెంటికీ దణ్ణం."

వామనభట్టు ఉత్తరీయం మూట విప్పి ముందుకు వచ్చాడు. "ఊళ్ళో పాడి నిలిచింది. ఇక పెట్టుకోవచ్చు రాజా."

"పాడి తప్పని రేడు!" అని ఎవరో కేకవేయబోయారు.

"ఆ బిరుదు వద్దు" అన్నాడు రాజు. "తప్పాను. మీరు చెప్పారు. దిద్దుకున్నాను. మళ్ళీ తప్పితే మళ్ళీ చెప్పండి. ఇక కిరీటం సంగతా? కాస్త ఆగండి స్వామీ, చేతులింకా జిడ్డుగా ఉన్నాయి."

అని దొప్ప అంచుకు అంటుకున్న చివరి తునక కూడా వేలితో తీసి నాకాడు. ఊరంతా నవ్వింది. ఈసారి బయ్యవ్వ కూడా నవ్వింది.

చూశారా పిల్లలూ! బలహీనుడి వంతు ముందు తీసి, తన వంతు చివర తీసుకోవడమే పాడి.